ఆకాశమున పద్ధతి

ఒక యూరికి దారి కలదని మన మెప్పుడు చెప్పవచ్చును? కంకర పఱచి తారు పోసినంతమాత్రమున దారి యగునా? దానివెంట నేడొక బండి వచ్చి, రేపు వచ్చునో రాదో తెలియకున్నచో, వైద్యమునకో పెండ్లికో బయలుదేరవలసినవాడు దానిని నమ్ముకొనగలడా? ఈ ప్రశ్న బండిదారికంటె విమానపుదారికి మఱింత వర్తించును. ఏలయనగా, బండి రాకున్నను నేలమీది దారి కంటికి గనబడుచునే యుండును. తుదకు కాలినడకనైన పోవచ్చును. ఆకాశమునందో, విమానము రాని దినమున దారియే లేదు.

అమరకోశమున దారికి పండ్రెండు పేరులు చెప్పబడియున్నవి. వానిలో నొకటి 'పద్ధతి'. పాదములచేత కొట్టబడినది, అనగా పలుమాఱు త్రొక్కబడుటచే నేర్పడినది, అని దాని వ్యుత్పత్తి. ఈ మాటను తెలుగువారు తెచ్చుకొని, దారి యను నర్థమును దాదాపుగ మఱచి, క్రమము, అలవాటు, నడవడి యను నర్థములలో వాడుకొనుచున్నారు. 'ఇదేమి పద్ధతి?' యని పిల్లలను మందలించునప్పుడు మనము తెలియకయే దారిని గూర్చి మాటలాడుచున్నాము. ఇంగ్లీషువారును ఇట్లే చేసిరి. వారి 'రూటు' అను మాటకు దారి యని యర్థము. దానినుండి పుట్టినదే 'రొటీను'; అనగా దినదినము తప్పక జరుగు పని. ఈ రెండు మాటలను నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసి పిల్లలకు చూపుట నాకు ప్రీతి. ఒకదాని నొకటి యెఱుగని రెండు భాషలు ఒక్క సంగతినే చెప్పుచున్నవి: మరల మరల నడచినదే దారి.

ఆకాశమున అడుగుజాడలు పడవు. అచ్చట పద్ధతిని నిలుపునది వేళ యొక్కటే. చెప్పిన దినమున, చెప్పిన గంటకు, ఈ యేడు వచ్చినట్లే పై యేడును విమానము వచ్చినప్పుడే ఆ యూరికి ఆకాశమున దారి యున్నట్లు. చిన్న పట్టణముల విమానాశ్రయములను గూర్చి మనవారిలో జరుగుచున్న చర్చలలో భవనముల మాటయే గాని యీ మాట వినబడకుండుటచే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను సికింద్రాబాదులో పద్మారావు నగర్‌లో కాపురముండు బడిపంతులను. స్కందగిరి దేవాలయపు గంటతోపాటు బేగంపేట విమానముల మ్రోతయు మా పేటవారి దినచర్యలో నొక భాగముగ నుండిన కాలము కలదు. 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయము తెఱవబడుటతో బేగంపేటకు ప్రయాణికుల సర్వీసులు నిలిచిపోయినవి. మా వీధికి నిశ్శబ్దము లభించినది. విమానము మాత్రము ముప్పది కిలోమీటరులకు పైగా తొలగిపోయినది. ఇప్పుడు విమానాశ్రయమునకు పోవు ఆర్టీసీ బస్సునకు 'పుష్పక్' అని పేరు. ఎందఱెక్కినను ఇంకొకరికి చోటుండునని పుష్పకవిమానమును గూర్చి మన పెద్దలు చెప్పుదురు. చిన్న పట్టణములకు పోవు విమానముల కష్టము దీనికి భిన్నము: చోటు కలదు, నిండుటకు చాలినంత జనము లేరు, జనము చాలలేదని విమానము మానుకొనును, అప్పుడు నిజముగ నెక్కవలసినవారికిని చోటు లేదు.

బేగంపేట చరిత్రను తడవినచో ఈ చిక్కు ఎట్లు పుట్టినదో తెలియును. 1945లో నిజాం ప్రభుత్వమును టాటా సంస్థయు గలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను హైదరాబాదు కేంద్రముగ స్థాపించిరి. రెండవ ప్రపంచయుద్ధమున సైన్యములకు పనిచేసిన డకోటా జాతి విమానములే ఆ సంస్థకు వాహనములు. ఒక్కొక్క విమానము ఇరువదిమందికి పైబడి ప్రయాణికులను మోయుచుండెను. మద్రాసునుండి హైదరాబాదు, నాగపూరు, భోపాలు, గ్వాలియరుల మీదుగా ఢిల్లీకి దాని ప్రధానమార్గము. నేటివలె ఒక్క యెగురున ఢిల్లీ చేరక, రైలుబండి స్టేషను స్టేషనునకు ఆగినట్లు, అది ఊరూర దిగుచు పోవుచుండెను. అట్లు దిగక తప్పదు గనుక నడిమి యూళ్లకు విమానము దక్కెను. 1953లో పార్లమెంటు చట్టముచే డెక్కన్ ఎయిర్‌వేస్ తక్కిన సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమయ్యెను. పిదప విమానములు పెద్దవి, వేగవంతములు అయినకొలదియు నడుమ దిగుట అనవసరమై, తరువాత నష్టమై, తుదకు మానుకొనబడెను. పెద్దవిమానము మహానగరములను దగ్గఱ చేసినది. చిన్న యూరిని మీదినుండి దాటిపోయినది.

డెక్కన్ ఎయిర్‌వేసును గూర్చి యింకొక మాట చెప్పక విడువరాదు. 1947లో వాణిజ్యవిమానములు నడుపుటకు అనుమతి పొందిన ప్రేమ్ మాథుర్ అను నామెను, స్త్రీ యను కారణమున ఇతర సంస్థలు కాదన్న పిమ్మట, పైలెట్టుగ జేర్చుకొన్నది ఈ సంస్థయే. మన దేశమున అట్టి యుద్యోగము చేసిన మొదటి స్త్రీ ఆమె. ఒక స్త్రీ బేగంపేట సంస్థలో విమానము నడపి ఏడు పదుల యేండ్లు దాటినను, ఒంటరిగ రాత్రి రైలెక్కుటకు జంకు స్త్రీలు మన యిండ్లలో నెందఱో కలరు. వారిలో మా యమ్మ యొకతె.

మా స్వగ్రామము కడపజిల్లాలో కమలాపురము దగ్గఱ. నాన్నగారు గతించిన తరువాత అమ్మ మావద్దకు వచ్చుటకు ఒప్పుకొనలేదు. తన యిల్లు, తన పెరడు, తన యిరుగుపొరుగు విడిచి పట్టణపు మూడవ యంతస్తులో కూర్చుండుట ఆమెకు జైలువలె తోచెను. ఆ నిశ్చయమున తప్పేమియు లేదు. కాని యామెకు కన్నులలో నీటికాసులు. ఈ వ్యాధి నొప్పి లేకయే చూపును అంచులనుండి తినుకొని వచ్చును. పోయిన చూపు ఏ మందునకును తిరిగి రాదు. ఉన్నదానిని నిలుపుకొనుటకు దినము తప్పక చుక్కలమందు వేసికొనవలెను. వైద్యుడు చెప్పిన గడువులలో కంటిలోని యొత్తిడిని కొలిపించుకొనవలెను. ఆమెను మొదటినుండి చూచుచున్న వైద్యుడు హైదరాబాదులో నున్నాడు. నాలుగు నెలలకొకమాఱు నేను కాచిగూడలో రాత్రి వేంకటాద్రి యెక్కి పోయి, మఱునాటి రాత్రి యామెను వెంటబెట్టుకొని వచ్చి, మరల నింటికి చేర్చి వచ్చుచుంటిని. నాకు సెలవుల లెక్క. ఆమెకు కుమారుని శ్రమపెట్టుచున్నానను బాధ.

2017 ఏప్రిల్ 27న సిమ్లానుండి ఢిల్లీకి 'ఉడాన్' పథకపు తొలి విమానము ఎగిరెను. ఆ దినముననే కడప-హైదరాబాదు సర్వీసును ప్రారంభింపబడెను. ఆకాశమార్గమున దూరము సుమారు 300 కిలోమీటరులు. ప్రయాణము గంటకు కొంచె మెక్కువ. అమ్మ మొదట నవ్వెను. రెండవమాఱు నేను బలవంతము చేయగా నాతో నెక్కెను. మూడవమాఱు పొరుగింటి కుఱ్ఱవాడు కడపలో దిగవిడువగా తానొక్కతయే యెక్కి, శంషాబాదులో సంచి భుజమున వేసికొని బయటికి వచ్చెను. చక్రముల కుర్చీ యేర్పాటు చేయుదుమన్నను వలదనెనట. ఆ దినమున ఆమె యనిన మాట నాకిప్పటికిని జ్ఞాపకము: "ఇంక నన్ను పిల్చకపోను నువ్వు రావద్దు నాయనా. నేనే వస్తా, నేనే పోతా."

ఆ రెండు 'నేనే'ల విలువ మన సంఘసంస్కర్తలకు తెలియును. స్త్రీకి చదువు కావలెను, ఆస్తిహక్కు కావలెను అని మనము నూఱేండ్లుగ వాదించితిమి. అవి వచ్చినవి. కాని భర్త పోయిన స్త్రీ యొకతె తన పనిమీద తాను బయలుదేరి, తన సొమ్ముతో టిక్కెట్టు కొని, పోయి రాగలుగుటయు అంత ముఖ్యమైన స్వాతంత్ర్యమే. అది ఉపన్యాసములచే రాదు. నమ్మదగిన వాహనము వాకిటికి వచ్చుటచే వచ్చును. మా యమ్మ ధైర్యమును చూచి మా వీధిలోని మఱి యిద్దఱు వృద్ధురాండ్రు విమానపు వేళలు అడిగి తెలిసికొనిరి.

ఇంత చిన్న ప్రయాణమునకు వెనుక నెంత యేర్పాటు కావలెనో చదువరులు గ్రహింపవలెను. కడపవంటి చోటికి వచ్చునది సాధారణముగ ఏటీఆర్ 72 అను విమానము. డెబ్బదిమంది కూర్చుండవచ్చును. రెక్కలకు రెండు ప్రక్కల పంకాలు తిరుగును. పెద్ద జెట్టు విమానమునకు పొడవైన రన్‌వే కావలెను. అది పైకెగసి వేగమందుకొనునప్పటికి మూడువందల కిలోమీటరుల ప్రయాణము ముగియవచ్చును. ఇంధనము మాత్రము విశేషముగ ఖర్చగును. ఏటీఆర్ నెమ్మదిగ పోవును, తక్కువ త్రాగును, పొట్టి రన్‌వేమీదనే దిగును. చిన్న యూరికి తగిన బండి యిదియే.

ఈ విమానము కడపలో నిద్రింపదు. ఉదయమున నొక మహానగరమున బయలుదేరి, ఒక చిన్న పట్టణమున దిగి, అరగంటలో వారిని దింపి వీరి నెక్కించుకొని, వేఱొక పట్టణమునకు పోయి, ఇట్లు దినమునకు పలుమాఱులు ఎగిరి దిగుచుండును. నేలమీద నిలిచిన ప్రతిగంటయు దానికి నష్టమే. అందుచేత ఉదయము మంచు పట్టి ఒకచోట గంట ఆలసించినచో ఆ యాలస్యము సాయంకాలముదాక వెంటాడును. రాత్రి దిగుటకు దీపములు లేని విమానాశ్రయము తుదియందున్నచో, సూర్యాస్తమయము కాగానే ఆ యూరిని వదలివేయుదురు. విందులో కడపటి పంక్తివానివద్దకు వచ్చునప్పటికి వంటకము చెల్లినట్లగును. పెద్ద సంస్థలకు మాఱువిమానము లుండును. నాలుగైదు విమానములే గల సంస్థకు ఒకటి మరమ్మతునకు పోయినచో ఒక జిల్లా దారియే తెగిపోవును.

నేలమీది యేర్పాటు చూడుడు. విమానము దిగకముందే అగ్నిమాపకశకటము సిద్ధముగ నుండవలెను. గాలివాటమును, మేఘముల యెత్తును, చూపు ఆను దూరమును కొలిచి పైలెట్టునకు చెప్పువారుండవలెను. గోపురమునుండి ఆజ్ఞలిచ్చువారు, సంచులు పరీక్షించువారు, కాపలా పోలీసులు ఉండవలెను. దినమునకు విమానము లొకటి వచ్చినను పది వచ్చినను వీరందఱును ఉండవలసినదే. ఒక్క విద్యార్థి వచ్చినను బడికి గంటయు, నల్లబల్లయు, పంతులును కావలసినట్లే యిదియును. మఱియు, ధాన్యము నేడు అమ్ముడుపోకున్నచో గాదెలో దాచి రేపు అమ్మవచ్చును. విమానపు ఖాళీ కుర్చీ నట్లు దాచరాదు. తలుపు మూసిన క్షణముననే దాని వెల గాలిలో కలిసిపోవును.

ఈ కష్టమును తీర్చుటకే ఉడాన్ పథకమును 2016 అక్టోబరులో కేంద్రప్రభుత్వము రూపొందించెను. 'దేశపు సామాన్యపౌరుడు ఎగురవలెను' అని దాని పేరునకు భావము. గంటసేపు ప్రయాణమునకు, విమానములోని సుమారు సగము కుర్చీలకు, ఆరంభమున 2,500 రూపాయలు హద్దుగ నిర్ణయించిరి. అందువలన సంస్థకు వచ్చు లోటును మూడేండ్లపాటు ప్రభుత్వము పూరించును. ఆ మూడేండ్లు ఆ మార్గమున పోటీసంస్థ రాదు. లోటు పూరించు ధనములో అయిదింట నొక పాలు సాధారణముగ రాష్ట్రమునది. పోలీసులను, అగ్నిమాపకదళమును రాష్ట్రమే యుచితముగ నిచ్చును. తక్కిన ధనము పెద్దనగరముల నడుమ ఎగురు విమానములమీద, బయలుదేరు నొక్కొక్క మాఱునకు ఇంత యని విధించిన సుంకమునుండి వచ్చును.

అనగా బొంబాయినుండి ఢిల్లీకి పోవు వర్తకుడు తన టిక్కెట్టులో కొన్ని రూపాయలు మా యమ్మ ప్రయాణమునకు చెల్లించుచున్నాడన్నమాట. ఇది న్యాయమేనా? న్యాయమే యని నా యభిప్రాయము. పోస్టుకార్డును చూడుడు. వీధి దాటి పోవు కార్డునకును, కొండలు దాటి గూడెమునకు పోవు కార్డునకును ఒక్కటే వెల. నగరపు కార్డు గూడెపు కార్డును మోయుచున్నది. అందువలననే దేశమంతయు నొక్క తపాలా. ఈ పథకమునకు మూలమైన ధర్మమును నేను మెచ్చుకొందును. నాకు సందేహమంతయు ఆ మూడేండ్ల గడువును గూర్చియే.

మొదటి యేడు జనము నమ్మరు. 'ఈ విమానము నాలుగునాళ్ల ముచ్చట' యందురు. రెండవయేడు సాహసించినవారు ఎక్కి చూతురు. మూడవయేట అది వారి లెక్కలలో చేరును: వైద్యుని గడువు, పరీక్షల తేదీ, కోర్టు వాయిదా విమానపు వేళనుబట్టి కుదుర్చుకొందురు. సరిగ అప్పుడు సహాయపు గడువు ముగియును. కాలిబాట యేర్పడబోవు సమయమున దానికి కంచె వేసినట్లగును.

ఇది నా యూహ మాత్రమే కాదు. భారత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023లో సమర్పించిన నివేదిక చదివినచో మనస్సు కలుక్కుమనును. పథకపు మూడవ విడతదాక మంజూరైన మార్గములు 774. వానిలో 403 మార్గములు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేండ్లు పూర్తిచేసినవి 112. ఆ పిమ్మట, 2023 మార్చినాటికి, సహాయము లేకయే నిలిచినవి 54. నూటికి ఏడు! తరగతిలో నూఱుగురికి ఏడుగురే యుత్తీర్ణులైనచో తప్పు పిల్లలదని ఏ పంతులును చెప్పరాదు, పాఠ్యక్రమమును పరీక్షింపవలెను.

కడపలో నేమి జరిగినదో చెప్పెదను. విమానము మొదట కొన్ని దినములు రాకపోయెను. 'నేడు లేదు' అను సందేశము ముందటి రాత్రి వచ్చుచుండెను. పిదప బొత్తిగ నిలిచిపోయెను. 2022 మార్చి నెలాఖరున రాష్ట్రప్రభుత్వపు తోడ్పాటుతో ఇండిగో సంస్థ కడపనుండి మరల సర్వీసులు నడుపసాగెను. కావున దారి తిరిగి తెఱచుకొన్నదని కాగితమున వ్రాయవచ్చును. కాని మా యమ్మ మనస్సున అది తెఱచుకొనలేదు. "అది మళ్లా ఎన్నాళ్లుంటాదో యేమో! నమ్ముకొని దావలో నిలబడాల్నా?" అనెను. రైలు కలదు గదా యని చదువరు లడుగవచ్చును. కలదు. అర్ధరాత్రివేళ చీకటిలో ప్లాట్‌ఫారము మెట్లెక్కి దిగుట నీటికాసుల కంటికి ఎంతటి పనియో చూడగలవారికి తెలియదు. తోడు వచ్చెదనని నేననినప్పుడెల్ల, చుక్కలమందు వేసికొనుచున్నాననియు, కన్ను బాగుగనే యున్నదనియు, పండుగకు వచ్చినప్పుడు చూపించుకొందుననియు చెప్పి దాటవేయుచుండెను. ఒకమాఱు ఒంటరిగ తిరిగిన స్త్రీకి మరల నొకరి సెలవులమీద నాధారపడుట యెట్లుండునో ఆమె మాటలలోనే తెలియుచుండెను.

ఇట్లొక సంవత్సరము గడచినది. తుదకు వైద్యుడు ఆమె చూపు విస్తీర్ణమును కొలిచి, పాత పటము ప్రక్కన క్రొత్తపటము పెట్టి చూపెను. ఎడమకంటి పటమున నల్లని భాగము రెట్టింపునకు పైగా వ్యాపించియున్నది. ఇప్పుడామె ఎదుట దీపమును చూడగలదు; ప్రక్కన గడపను చూడలేదు. ఒక మార్గము తెగిపోయి, కొన్ని నెలలకు మరల కలిసినది. కన్ను అట్లు కలియలేదు. నివేదికలలో 'సర్వీసునకు తాత్కాలిక విరామము' అని వ్రాయబడు సంగతికి ఒక్కొక్క యింట ఇట్టి శాశ్వతమైన యర్థ ముండవచ్చునని చెప్పుటకే ఈ సొంతగోడు ఇచ్చట వ్రాసితిని. ఎవరినో దూషించుటకు గాదు. నష్టము వచ్చుచున్న సంస్థ విమానమును నడుపలేదనుట ధర్మపన్నమే కాకున్నను లోకసహజము. ఆ సంస్థ నిలువలేనప్పుడు ఆ దారిని నిలుపువా రెవరు అని ముందుగ ఆలోచింపకుండుటయే లోపము.

ఈ లోపము క్రొత్తది గాదు. 1981లో వాయుదూత్ అను సంస్థను ప్రభుత్వమే పెట్టి, మొదట ఈశాన్యరాష్ట్రములకును, పిదప దేశమందలి చిన్న పట్టణములకును చిన్న విమానములు నడిపెను. మన కడప, రాజమహేంద్రవరములును ఆ విమానములను చూచినవే. పదునైదేండ్లు తిరుగకమున్నే ఆ సంస్థ నష్టములతో మాసిపోయెను. ఓరుగల్లు దగ్గఱ మామునూరు విమానాశ్రయము నిజాం కాలమునాటిది. అది దశాబ్దముల తరబడి ప్రయాణికుల విమానము లేక మూగవోయియున్నది. 2025 ఫిబ్రవరిలో దానిని పునరుద్ధరించుటకు కేంద్రము అనుమతించెను. 2021 మార్చిలో కర్నూలు దగ్గఱ ఓర్వకల్లున క్రొత్త విమానాశ్రయము తెఱచి, దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిరి. ఇప్పుడు రెండు తెలుగురాష్ట్రములలోను మాకొకటి, మాకొకటి యని జిల్లాలు పోటీపడుచున్నవి. కట్టుట మనకు చేతనగును. నడుపుటయే నేర్చుకొనవలసియున్నది.

మా పాఠశాలలో లెక్కలు చెప్పు మిత్రుడొకడు ఈ మాటలు విని యిట్లనెను: "విమానపు కుర్చీకి సర్కారు సొమ్మేల? ఆ సొమ్ముతో పల్లెవెలుగు బస్సులు నడిపినచో నూఱింతల జనమునకు మేలు గదా?" ఈ యాక్షేపణ త్రోసివేయదగినది గాదు. బస్సు లేని పల్లెకు బస్సు ముందు. ఆ క్రమమున సందేహము లేదు. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో మొదలిడిన రోడ్డురవాణాయే నేటి ఆర్టీసీకి మూలము. లాభము లేని దారులలో గూడ వేళకు బస్సు నడిపినందుననే పల్లెపిల్లలు ఉన్నతపాఠశాలకు రాగలిగిరి. ఆడుపిల్లలు మఱింతగ. నేను చెప్పునదియు ఆ ధర్మమునే. బస్సునకు మనము నేర్చుకొన్న నీతిని విమానమునకు మఱచుచున్నాము. క్రొత్తగ విమానాశ్రయము కట్టవలెనా యనునప్పుడు మిత్రుని ప్రశ్న మొట్టమొదట వేయవలసినదే. కాని ప్రజల సొమ్ముతో రన్‌వే యిదివఱకే వేసి, భవనము కట్టి, ఉద్యోగులను నిలిపిన చోట విమానము రాకుండుట యే పొదుపు? బావి త్రవ్వి, గిలక బిగించి, చేంతాడు కొనుటకు వెనుదీసినట్లున్నది.

అందుచే చిన్న పట్టణముల పౌరులు అడుగవలసినవి నాకు తోచినంతలో నాలుగు. మొదటిది: దినమునకు మూడు విమానములు వలదు, వారమునకు మూడు దినములే యైనను, పదియేండ్లు తప్పక వచ్చునట్లు ఒడంబడిక కావలెను. సంస్థ మాఱవచ్చును, వేళ మాఱరాదు. రెండవది: ఆ వేళ ప్రయాణికుని పనికి తగినదై యుండవలెను. ఉదయము పోయి, వైద్యుని చూచి, సాయంకాలము తిరిగి రాగలిగిన విమానము ఒక్కటి, మధ్యాహ్నమున వచ్చి పోవు రెండింటికంటె మేలు. మూడవది: విమానము దిగు గంటకు విమానాశ్రయపు వాకిట జిల్లాలోని ముఖ్యమైన యూళ్లకు బస్సు నిలిచియుండవలెను. కాఱు గలవానికే పనికివచ్చు విమానాశ్రయము సామాన్యునిది కాదు. నాల్గవది: నెలకు ఎన్ని దినములు విమానము రావలసియుండెనో, ఎన్ని దినములు వచ్చినదో, ఏ కారణమున రాలేదో విమానాశ్రయపు గోడమీద పెద్ద యక్షరములతో తెలుగున వ్రాయవలెను. బడిలో మేము హాజరుపట్టీ వ్రాయుట లేదా? ప్రజల సొమ్ము తినునది యేదైనను ప్రజలకు హాజరు చెప్పవలసినదే.

ఇందులో మన పాలును కలదు. విమానమును మన యూరి గౌరవముగ మాత్రమే చూచి, మొదటి దినమున పూలదండలు వేసి ఛాయాచిత్రము తీయించుకొని, మఱునాటినుండి రాత్రిబస్సెక్కువారము మనమే. జిల్లాలోని వర్తకసంఘములు, కళాశాలలు, వైద్యశాలలు తమ పనివారిని, అతిథులను, రోగులను ఆ విమానమున పంపుదుమని మాట యిచ్చినచో, నెలకిన్ని కుర్చీలు నిండునను ధైర్యము నడుపువానికి కలుగును. ధైర్యము కలిగినచో వేళ నిలుచును. వేళ నిలిచినచో మా యమ్మవంటివారు నమ్ముదురు. వారి నమ్మకమే కుర్చీలను నింపును. ఈ చక్రము నెచ్చటనో యొకచోట ఎవరో యొకరు మొదట త్రిప్పవలెను. నష్టమునకు తాళగలది ప్రభుత్వమే గనుక అది మొదట త్రిప్పవలెను, చక్రము తనంత తాను తిరుగువఱకు చేయి తీయరాదు.

మీ జిల్లాకు విమానాశ్రయము తెచ్చెదనని ఈసారి వోటడుగ వచ్చు పెద్దమనుష్యుని వెంటనే మెచ్చుకొనవలదు, తిట్టవలదు. లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, కూర్చుండబెట్టి యొక్క ప్రశ్న యడుగుడు: "బాబూ, ఆ విమానము నాలుగవయేడు కూడ వచ్చునా?" సమాధానము చెప్పగలిగినచో ఆయన దారి వేయుచున్నాడు. చెప్పలేనిచో భవనము కట్టుచున్నాడు. ఆ రెండింటికిని గల భేదము తెలిసికొన్న నాడు మనము నిజముగ చదువుకొన్నవారము.